చెల్లెలి పేచ్‌కస్

పోయిన వారం మా చెల్లెలు జయ కూతురు షీబా తన బండి తెచ్చి భాలుబాసాలో మా ఇంటి ముందు ఆపింది. మామూలు కారు కాదు అది. నా నడుము దాకా వచ్చే చక్రాలు, అద్దం పక్కనుంచి పైకప్పు దాకా లేచిన నల్లటి గొట్టం, ముందు బంపరులో ఇనుప తాడు చుట్టుకున్న యంత్రం, నెత్తిన మడిచి పెట్టిన గుడారం. ఏడాదిన్నరగా ఆదిత్యపూర్‌లో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, ఉద్యోగం అయ్యాక రోజూ అక్కడికి వెళ్ళి, ఆ బండిని విప్పి మళ్ళీ తన చేతులతో కట్టుకుంటోందని నాకు తెలుసు. చూడడానికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పాను. నొప్పులు ఉన్నమాట నిజమే, కారణం మాత్రం అది కాదు.

షీబా నన్ను బండి చుట్టూ తిప్పి చూపించింది. ఏట్లో దిగినా ఇంజనుకి పైనుంచి గాలి అందడానికి ఆ గొట్టం. రాయి తగిలినా గేరుబాక్సు పగలకుండా కింద దళసరి రేకు. బ్యాటరీలు రెండు, ఒకటి బండికి, ఒకటి చేపలూ పాలూ చెడకుండా ఉంచే చిన్న ఫ్రిజ్జుకి. వెనక తలుపు తెరిస్తే పొయ్యి బల్ల బయటికి జారుతుంది. ప్రతిదానికీ బాగుంది, బాగుంది అన్నాను. లోపల మాత్రం ఒక్కొక్కటీ ముల్లులా దిగుతోంది. జయ ముందు సీట్లోంచి దిగకుండా, కాళ్ళు బారచాపుకుని, కొండెక్కి కూర్చున్నట్టు కూర్చుని నవ్వుతోంది. ప్రతి ఆదివారం పిల్లలకి పరుల మేలు చూసి సంతోషించమని పాఠం చెప్పే మనిషిని నేను. అరవై దాటాయి. అయినా ఆ సీటు చూడగానే కడుపులో మంట లేచింది. అది పాత మంటే. ఎప్పుడు అంటుకుందో నాకు బాగా తెలుసు.

అప్పుడు షీబా అడిగింది. "పెద్దమ్మా, తాతగారి పేచ్‌కస్ నీ దగ్గరే ఉందంట గదా, మమ్మీ బోలీ. ఇత్తావేటి?"

పేచ్‌కస్ అంటే స్క్రూడ్రైవరు. హిందీ మాట్లాడే ఈ ఉక్కు కంపెనీ ఊళ్ళో ఏ పనిముట్టునీ తెలుగు పేరుతో పిలవగా నేను వినలేదు. లోపలికి వెళ్ళి, బట్టల పెట్టె అడుగున పాత దుప్పటి మడతలోంచి దాన్ని తీశాను. మూర పొడవు, చెక్క పిడి. పిడి మీద వేళ్ళ పట్టు కోసం చెక్కిన గాళ్ళలో ఎర్రటి మరక ఇంకా ఉంది. అది తుప్పు కాదు, సింధూరం. కిరసనాయిలుతో, ముగ్గుపిండితో, చివరికి బ్లేడుతో గీకినా పోలేదు.

మా నాన్న కంపెనీలో మరమ్మతు షాపులో ఫిట్టరు. షిఫ్టు అయిపోయిందని భోంపూ మోగిన అరగంటకి సైకిలు దిగేవాడు. పెరట్లో రంపపు పొట్టూ కిరసనాయిలూ కలిపి మోచేతుల దాకా రుద్దుకుని, ఆ తరవాత సబ్బుతో కడుక్కుని, అన్నం ముందు కూర్చునేవాడు. ఎంత కడిగినా ఆయన చేతి నుంచి కలిపిన అన్నంలోకి గ్రీజు వాసన రానే వచ్చేది. బొగ్గుల పొయ్యి పొగ, అమ్మ కాల్చే ఎండు నెత్తళ్ళ వాసన, ఆ గ్రీజు కలిస్తేనే మా ఇల్లు. దీపాలు పెట్టే వేళకి కుటుంబ ప్రార్థన. ఒక పాట, ఒక అధ్యాయం, వరసగా అందరి ప్రార్థన. నా ప్రార్థన అన్నిటికంటే పొడుగు. జయ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయేది. నాన్న చూసీ ఏమీ అనేవాడు కాదు. నేను నిద్రపోతే అనేవాడు. అలాగని నాకు గట్టి నమ్మకం, కానీ నేను ఎప్పుడూ నిద్రపోలేదు గనక పరీక్ష జరగలేదు.

నాన్నకి ఒక మొక్కుబడి ఉండేది. మా తాత పార్వతీపురం వైపు నుంచి కూలీల గుంపుతో కొండలవెంట నడిచి ఈ ఊరు వచ్చినవాడు. దారిలో జ్వరం తగిలితే గుంపు వదిలేసి ముందుకు పోయిందట. కొండల్లోని చిన్న చిన్న క్రైస్తవ సంఘాలవాళ్ళు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఆయనని చేరవేస్తూ, గంజి పోసి, ప్రార్థన చేసి బతికించారు. ఆ ఊళ్ళ పేర్లు నాన్నకి వరసగా నోటికి వచ్చు. అదే దారిలో వెనక్కి వెళ్ళి, తాత ఆగిన ప్రతిచోటా ఆగి, స్తోత్రం చెల్లించి రావాలని ఆయన కోరిక. ఆ దారిలో బస్సులు లేవు, చాలాచోట్ల రోడ్డే లేదు. అందుకని మిలిటరీ వేలంలో పాత జీపు ఒకటి కొన్నాడు. కొన్నప్పుడు దానికి ఇంజనూ లేదు, పైకప్పూ లేదు. మా క్వార్టరు పక్క సందులో ఇటుకల మీద నిలబెట్టి టార్పాలిన్ కప్పాడు. సందులోంచి వెళ్ళేవాళ్ళంతా అంత్యక్రియలు ఎప్పుడని అడిగేవారు. ఇది పునరుత్థానం అయ్యే బండి అని నాన్న జవాబు.

ఆ పునరుత్థానానికి రెండేళ్ళు పట్టింది. డీజిలు ఇంజను దొరికితే దాన్ని కూర్చోబెట్టడానికి ఛాసీ మీద కొత్త పట్టీలు వెల్డింగు చేయించాలి. ఆ పనికి ఆదిత్యపూర్‌లో మహతో మిస్త్రీ షెడ్డుకి బండిని లాక్కెళ్ళాం. బరువుకి కుంగకుండా కమానులకి రెండు పట్టీలు ఎక్కువ వేశారు. వాగుల్లో దిగడానికి గాలి గొట్టాన్ని బానెట్టు మీదికి తిప్పారు. సీట్ల కింద నీళ్ళ డబ్బాలకి, రెండో డీజిలు ట్యాంకుకి చోటు చేశారు. మా ఇంట్లో మగపిల్లలు లేరు. సాయంత్రాలూ సెలవు రోజులూ మేమిద్దరం సైకిలు మీద ఖర్కాయి వంతెన దాటి వెళ్ళేవాళ్ళం. నేను తొక్కేదాన్ని, జయ వెనక కూర్చునేది. అక్కడ నట్లు కిరసనాయిల్లో కడిగేది నేను. ఏ బోల్టు ఏ డబ్బాలో ఉందో కాగితం అంటించేది నేను. వాల్వులకి పేస్టు రాసి, కవ్వంలా అరచేతుల మధ్య తిప్పి నూరింది నేను. కాన్వాసు పైకప్పు మొత్తం అమ్మ చేతిమిషను మీద, సూదులు విరుగుతుంటే, కుట్టింది నేను. గంటలు లెక్కపెడితే నావే ఎక్కువ. లెక్కపెట్టాను కూడా.

జయకి చెవి ఉంది. అంతకు మించి ఆమె చేసిందేమీ లేదు. నడుస్తున్న ఇంజనుకి పేచ్‌కస్ మొన ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి తాకించి వింటే లోపలి చప్పుడు విడివిడిగా వినిపిస్తుందట. మిస్త్రీలంతా అలాగే వింటారు. నాన్న మా ఇద్దరికీ నేర్పాడు. నాకు ఎప్పుడు విన్నా ఒకటే హోరు. జయకి మొదటి రోజే అందులో మనుషుల గొంతుల్లా తేడాలు తెలిసిపోయాయి. నాన్నకి అదో ఆట. మాకు తెలియకుండా ఎక్కడో ఒక నట్టు వదులు చేసి, ఇంజను వేసి, చెప్పండి అనేవాడు. నేను ఆలోచిస్తుండగానే జయ "నీళ్ళ పంపు నాన్నా, కుయ్యిమంతంది" అనేసేది. అలా చెప్పిన రోజు నాన్న తన పళ్ళెంలోని చేప తల తీసి ఆమె పళ్ళెంలో పెట్టేవాడు. సంఘంలో వాక్యాలు కంఠస్థం చెప్పి నాలుగేళ్ళు వరసగా మొదటి బహుమతి తెచ్చుకున్నాను. మంచిది, దేవునికి స్తోత్రం అన్నాడు. చేప తల మాత్రం పెట్టలేదు. ఆ పొడుగు పేచ్‌కస్‌ని కూడా జయకే ఇచ్చేశాడు, ఇది నీదే అని.

ప్రయాణం దసరా పూజా సెలవుల్లో అని ఖాయమైంది. నాన్న, మా సంఘకాపరి అయ్యగారు, ఇంకో సంఘపెద్ద వెళ్తారు. నాలుగో సీటు ఒక్కటే మిగిలింది. అమ్మకి బస్సెక్కితేనే వాంతులు, ఆమె రానంది. నాన్న మా ఇద్దరినీ కూర్చోబెట్టి, కొండల్లో బండికి ఏమైనా అయితే చెవి అవసరం, జయ వస్తుంది అన్నాడు. నా వైపు చూసి, నువ్వు అమ్మకి తోడుండు కృపా, నీ మీద నాకు భరోసా అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ భరోసాని తీసుకెళ్ళి ఖర్కాయిలో పారెయ్యాలనిపించింది.

సెలవులకి ముందు విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఈ ఊళ్ళో ఏ మిస్త్రీ పనిముట్టు పట్టడు. జయ పేచ్‌కస్ షెడ్డులో మరిచిపోయి వచ్చిందని ఇద్దరం వెళ్ళాం. మహతో మిస్త్రీ ఎర్రగుడ్డ మీద తన పానాలూ సుత్తులూ వరసగా పేర్చి, వాటితోపాటు జయ పేచ్‌కస్ కూడా పెట్టి, అన్నిటికీ సింధూరం బొట్లు పెట్టాడు. మా జీపు బానెట్టు మీద బంతిపూల దండ వేసి ఉంది. వద్దని అనడానికి మాకు నోరు రాలేదు. రెండేళ్ళు మా బండిని కన్నబిడ్డలా చూసుకున్న మనిషి. ఇవాళ యంత్రాల పుట్టినరోజు, తినండి బిడ్డలారా అని హిందీలో అంటూ ఒక లడ్డూ జయ చేతిలో పెట్టాడు. జయ దాన్ని రెండు ముక్కలు చేసింది. ఒకటి తను తినింది. రెండోది నాకిచ్చింది. నేను తిన్నాను. నెయ్యి వాసన, మధ్యలో ఏలకి గింజ. అంత రుచైన లడ్డూ అప్పటిదాకా తినలేదు.

శనివారం మధ్యాహ్నం స్త్రీల సమాజం. మా దాంట్లో ఒక పద్ధతి ఉంది. చివర్లో ఒక్కొక్కరూ లేచి ప్రార్థన అంశం చెబుతారు, మిగిలినవాళ్ళు దాని కోసం ప్రార్థిస్తారు. కొడుకు పరీక్ష, భర్త తాగుడు, కోడలి పురుడు. పక్కింటివాళ్ళ గుట్టు విప్పడానికి అంతకంటే భక్తిగల చోటు లేదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఎవరూ దాన్ని చాడీ అనరు, భారం అంటారు. నా వంతు వచ్చింది. లేచి నిలబడి, చీర కొంగు తల మీద సర్దుకుని అన్నాను. "మా జయ కోసం ప్రార్థన చెయ్యండమ్మా. పూజలో ప్రసాదం తినేసింది. బండికి దండ వేయించింది. నాకు భారంగా ఉంది." గొంతు వణికింది. ఆ వణుకు కూడా కొంచెం నేను తెప్పించుకున్నదే.

సాయంత్రానికల్లా మాట అయ్యగారి దగ్గరికి చేరింది. మర్నాడు ఆరాధన అయ్యాక సంఘపెద్దలు జయని పిలిచారు. మా నాన్న కూడా సంఘపెద్దే. కూతురి సంగతి గనక తీర్పులో కూర్చోకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను సాక్షిగా బెంచీ చివర కూర్చున్నాను. తిన్నావా అని అడిగారు. తిన్నానని చెప్పింది. నీతో ఇంకెవరైనా తిన్నారా అని అడిగారు. జయ తల తిప్పి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో, అడుగుతున్నట్టు ఉంది, అంతే. నేను కళ్ళు దించుకున్నాను.

"నేనొక్కదాన్నే తిన్నానండి," అంది.

మూడు నెలలు ప్రభువు బల్లకి, అంటే రొట్టే ద్రాక్షరసమూ తీసుకోవడానికి, రాకూడదని, ఆ తరవాత సంఘం ముందు తప్పు ఒప్పుకోవాలని అన్నారు. బల్లకి రాని పిల్లని సంఘాలు తిరిగి స్తోత్రం చెల్లించే ప్రయాణానికి ఎలా తీసుకెళ్తారు? నాలుగో సీటు నాదయింది. ప్రసాదం సంగతిలో నా నమ్మకం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, అది తినకూడదనే నేటికీ పిల్లలకి చెబుతాను. కానీ ఆ రోజు నన్ను లేపి నిలబెట్టింది నమ్మకం కాదు. మత్సరం ఎముకల్లోకి దిగి కుళ్ళబెడుతుందని వాక్యం నాకు కంఠస్థమే, దానికి బహుమతి కూడా తీసుకున్నాను. ఈ మాట అప్పుడే సంఘంలో నిలబడి చెప్పవలసింది. ఇన్నేళ్ళకి కాగితం మీద చెబుతున్నాను.

బయలుదేరే ముందు జయ దగ్గరనుంచి పేచ్‌కస్ నేను అడిగి తీసుకున్నాను. ఇచ్చింది. చాయిబాసా, క్యోంఝర్ దాటేదాకా బండి గుర్రంలా నడిచింది. తాత ఆగిన మొదటి రెండు ఊళ్ళలో ఆగాం. పాకలాంటి మందిరాల్లో నాన్న మోకాళ్ళూని ఏడ్చాడు. మూడోది ఫుల్బనీ దాటాక ఘాటీ మీద, కొండెక్కే మలుపుల రోడ్డు పైన, ఉంది. ఘాటీ ఎక్కుతుండగా కిందనుంచి టకటకమని చప్పుడు మొదలైంది. నాన్న బండిని నెమ్మదిగా నడిపిస్తూ, విను కృపా అన్నాడు. కాళ్ళ కింది రేకుకి మొన ఆనించి, పిడి ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకున్నాను. హోరు. లోకంలోని చప్పుళ్ళన్నీ ఒక్కసారే. వినపడలేదని చెప్పవచ్చు. చెప్పలేదు. ముందు చక్రం బేరింగు అన్నాను, తెలిసినట్టు.

నా మాట మీద రోజంతా ఆ చక్రం విప్పి, కడిగి, మళ్ళీ బిగించారు. అందులో ఏ లోపమూ లేదు. మర్నాడు మళ్ళీ ఘాటీ ఎక్కబోతే, కింద వెనక చక్రాలని తిప్పే షాఫ్టు జాయింటు దగ్గర తెగి, రోడ్డుని కొడుతూ ఈడ్చుకుపోయి, గేరుబాక్సు తొడుగుని పగలగొట్టింది. మా కింద నల్లటి నూనె మడుగు కట్టింది. నాన్న బండి కిందనుంచి బయటికి వచ్చి, దుమ్ములో కూర్చుని, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. నన్ను తిట్టలేదు. ఎటో కొండవైపు చూస్తూ, "అదుంటే సెప్పీసును," అన్నాడు.

ఒక లారీ మా బండిని వెనక్కి లాక్కొచ్చింది. మూడో ఊరు పై మలుపులోనే ఉంది, పొగ కనపడుతోంది, లారీ మళ్ళీ దొరకదని వెళ్ళలేకపోయాం. నాన్నకి మళ్ళీ అన్ని రోజుల సెలవు దొరకలేదు. తరవాత నడుం పట్టేసింది. జీపుని ఎవరో ఇటుకల భట్టీవాళ్ళు తీసుకున్నారు. ఆ ఊళ్ళ పేర్లు మాత్రం ఆయన చివరి రోజుల్లో కూడా వరసగా చెప్పేవాడు, మూడోదాని దగ్గర ఆగేవాడు. మూడు నెలల తరవాత జయ సంఘం ముందు నిలబడి ఒప్పుకోలు చెప్పింది. నా పేరు ఎత్తలేదు. పేచ్‌కస్ తిరిగి అడగలేదు. నేను ఇవ్వలేదు. ఆ తరవాత పెళ్ళిళ్ళు, పిల్లలు, పండగలకి కేకులు ఇచ్చిపుచ్చుకోవడాలు, ఆస్పత్రుల్లో ఒకరికొకరం కాపలాలు, అన్నీ ఉన్నాయి. ఈ ఒక్క మాట మా మధ్య లేదు.

ఇప్పుడు షీబా బండి వెళ్ళేది ఆ దారినే. మా తాత ఆగిన ఊళ్ళన్నీ ఫోనులో పటం మీద చుక్కలు పెట్టుకుంది. ఎక్కడ డీజిలు దొరుకుతుందో, ఎక్కడ వాగు ఎంత లోతో ముందే చూసుకుంది. మేము దారి అడగడానికి ప్రతి చావిడి దగ్గరా ఆగేవాళ్ళం. వీళ్ళు ఆగక్కరలేదు. ఇంజనులో ఏం జరుగుతోందో అద్దం ముందు తెర మీద అంకెలు పడతాయి. మరి పేచ్‌కస్ ఎందుకే అని అడిగాను. కంప్యూటరు సగమే చెప్తాది పెద్దమ్మా, మిగతాది మమ్మీ చెప్తాది అని నవ్వింది. నాన్న చేప తల ఇంకా జయ పళ్ళెంలోనే పడుతోంది.

"వెనక సీటు ఖాళీయే. చలో పెద్దమ్మా, నువ్వూ రా," అంది షీబా.

ఎంత వెళ్ళాలనిపించిందో చెప్పలేను. మందులూ రెండు చీరలూ సర్దుకోవడానికి పది నిమిషాలు చాలు. పేచ్‌కస్ జయ చేతికి అందిస్తూ, "నేనొకసారి వెళ్ళొచ్చాను కదే," అన్నాను.

"ఎల్లొచ్చావు. నా సీట్లో," అంది జయ. నవ్వుతూనే అంది. పిడి తిప్పి, ఎర్రటి గాళ్ళని బొటనవేలితో తడిమింది. "ఇదేటప్పా, ఇంకా పోనేదా?" అక్కని అప్ప అనడం మా ఇంటి అలవాటు.

షీబాకి ఇవేమీ తెలియవు. ఇంజను వేసి దిగి, మా అలవాటు ప్రకారం, బయలుదేరే ముందు ప్రార్థన చెయ్యి పెద్దమ్మా అంది. జయ కూడా దిగాక ముగ్గురం బానెట్టు మీద చేతులు వేశాం. రేకు వెచ్చగా ఉంది. జయ కళ్ళు మూసుకుంటూ నా వైపు ఒరిగి, "నా కోసం ప్రార్థన అంశం మాత్రం పెట్టకే అప్పా," అంది మెల్లగా.

నా ప్రార్థనలు పొడుగని సంఘమంతా ఎరుగుదురు. ఆ రోజుది పొట్టిదే. దారిని కాపాడమని, చక్రాలని కాపాడమని అడిగి ఆగిపోయాను. చేతి కింద ఇంజను అదురుతోంది. తరవాత పైకే, షీబా వినేటట్టే అన్నాను. "ప్రభువా, ఆ లడ్డూలో రెండో ముక్క నేను తిన్నాను. జయ నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. సీటు కోసమే చెప్పలేదు." బానెట్టు మీద నా చేతి పక్కన ఉన్న జయ చెయ్యి జరిగి నా చెయ్యి మీదికి వచ్చింది.

"ఆమెన్ అనీ అప్పా," అంది. "బండి వేడెక్కిపోతంది."

ఆమెన్ అన్నాను. ఏ లడ్డూ, కౌన్ సా లడ్డూ అని షీబా అడుగుతుంటే, ఎక్కు, దారిలో చెప్తాను అని జయ కసిరింది. ఇప్పటికి చెప్పేసే ఉంటుంది. బండి కదిలింది. ముందు సీట్లో జయ వెనక్కి తిరిగి చూడలేదు, పేచ్‌కస్ ఒళ్ళో పెట్టుకుని ఉంది. మంట తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ సీట్లో నేను లేనందుకు గేటు పట్టుకుని నిలబడ్డంతసేపూ మండుతూనే ఉంది. బండి మలుపు తిరిగి చప్పుడు పూర్తిగా అణిగేదాకా చెవి ఒగ్గి విన్నాను. ఏ లోపమూ వినపడలేదు. అయినా, నాకెప్పుడు వినపడింది గనక.